గదినిండా బొమ్మలు, వాడు ఆడేది మాత్రం కుక్కర్ రబ్బరుతో

అనంతపురం_ఆడపడుచు, శనివారం రాత్రి 11.40

అందరికీ నమస్కారం. చాలాకాలంగా ఇక్కడ చదువుతున్నానే గానీ రాయడం ఇదే మొదటిసారి. కాస్త పొడవైతే ఏమనుకోకండి.

మేం బెంగళూరులో మారతహళ్ళి దగ్గర ఉంటాం. బాబుకి మూడున్నరేళ్ళు. ఇద్దరివీ ఉద్యోగాలే. పొద్దున ప్లేస్కూలు, తర్వాత డేకేర్, సాయంత్రం ఐదున్నరకి ఇంటికి. ఇంటికొచ్చాక టీవీ పెట్టకూడదని గట్టిగా అనుకున్నాం. దాని బదులు నెలనెలా ఇంటికొచ్చే యాక్టివిటీ బాక్సుకి డబ్బు కట్టాం. చెక్క పజిళ్ళు, అయస్కాంతం బిళ్ళలు, డాక్టర్ సెట్టు, కిచెన్ సెట్టు... హాల్లో కాలు పెట్టే చోటు లేదు. వీటన్నిటితో వాడు ఆడేది మహా అయితే ఐదు నిమిషాలు.

నిన్న రాత్రి ఒక రీల్ చూసి మూడు గ్లాసుల బియ్యానికి ఫుడ్ కలర్ కలిపి ఆరబెట్టాను. పొద్దున ట్రేలో పోసి, లోపల బుల్లి జంతువుల బొమ్మలు దాచాను. "ఏనుగు ఎక్కడుందో వెతుకు నాన్నా" అన్నానా, వాడు రెండు దోసిళ్ళు తీసుకెళ్ళి తులసికుండీలో పోశాడు. ఇంకో దోసిలి వాషింగ్ మెషీన్‌లో. మొత్తం నాలుగు నిమిషాలు. తర్వాత వంటింట్లో వాడికి పాత కుక్కర్ రబ్బరూ, బట్టల క్లిప్పులూ దొరికాయి. రబ్బరు చుట్టూ క్లిప్పులు పెట్టాడు, తీశాడు, స్టీరింగ్ అన్నాడు, కిరీటం అన్నాడు, ఆఖరికి దాన్ని సోఫా కింద పడుకోబెట్టి జోకొట్టాడు. నలభై నిమిషాలు. గడియారం చూసి చెప్తున్నాను.

నాకు నవ్వు రాలేదండీ, ఏడుపొచ్చింది. పైగా మొన్న పేరెంట్స్ మీటింగ్‌లో "నిలువు గీతలు రావట్లేదు, ఇంట్లో ప్రాక్టీస్ చేయించండి" అన్నారు. పెన్సిల్ చూస్తేనే పారిపోతాడు. క్రియేటివ్ ప్లే అంటారు కదా, అది ఇంట్లో ఎలా చేయించాలి? నేనెక్కడ తప్పు చేస్తున్నాను?


ఇద్దరమ్మాయిల_నాన్న, ఆదివారం ఉదయం 7.15

అనంతపురం గారూ, మీ బాధ అర్థమైంది గానీ వాషింగ్ మెషీన్‌లో బియ్యం దగ్గర మాత్రం నవ్వాగలేదు. ముందు ఆ డ్రమ్ము సంగతి చూసుకోండి.

మా ఇంట్లోనూ ఇదే కథ. పెద్దదాని పుట్టినరోజుకి వచ్చిన బొమ్మలే రెండు అట్టపెట్టెలు. ఒకరోజు చిరాకొచ్చి ముప్పావు వంతు లాఫ్ట్ మీదకి ఎక్కించాను. కింద నాలుగైదే ఉంచాను. అది ఒక్కసారి కూడా అడగలేదు. పది రోజులకోసారి అవి పైకి, ఇవి కిందికి. దిగినవన్నీ దానికి కొత్తవే.

ఇదంతా నా సొంత తెలివి అనుకున్నా. తర్వాత తెలిసింది, అమెరికాలో టోలెడో యూనివర్సిటీ వాళ్ళు ఇదే విషయం పరిశీలించి 2018లో అచ్చువేశారు. ఏడాదిన్నర, రెండున్నరేళ్ళ మధ్య పిల్లలు 36 మందిని ఒకసారి 4 బొమ్మలతో, ఇంకోసారి 16 బొమ్మలతో ఆడుకోనిచ్చారు. నాలుగే ఉన్నప్పుడు ఒక్కో బొమ్మతో ఎక్కువసేపు గడిపారు, అదే బొమ్మతో రకరకాలుగా ఆడారు. చిన్న పరిశోధనే. మా హాలు చూసినవాళ్ళకి మాత్రం వేరే సాక్ష్యం అక్కర్లేదు.


పాత_టీచరమ్మ, ఆదివారం ఉదయం 9.02

చిన్నపిల్లల బడిలో 14 ఏళ్ళు పనిచేశాను. ఇప్పుడు ఇంట్లోనే ఉంటున్నా. అనంతపురం గారి పోస్టులో ఒక మాట దగ్గర ఆగిపోయాను: "ఎలా చేయించాలి". హోంవర్క్ చేయిస్తాం, స్నానం చేయిస్తాం. ఆట చేయించలేమండీ. పక్కన ఉండి ఆడనివ్వగలం, అంతే.

మీ బియ్యం ఆట ఎలా ఆడాలో రాత్రే మీరు నిర్ణయించేశారు. ఎక్కడ ఏనుగుందో మీకు తెలుసు, వాడు వెతకాలి, దొరికితే మీరు చప్పట్లు కొట్టాలి. వాడికి మిగిలిన పని చాలా తక్కువ. బియ్యం తీసుకెళ్ళి కుండీలో పోయడం వాడి సొంత ఆలోచన. కుక్కర్ రబ్బరు సంగతీ అంతే, దాన్ని ఇలాగే ఆడాలని ఎవరూ చెప్పలేదు. కాబట్టి అది స్టీరింగ్ అయింది, కిరీటం అయింది, పాపాయి అయింది. లేనిదాన్ని ఉన్నట్టు ఊహించడం, ఒకదాన్ని ఇంకొకటిగా అనుకోవడం అంటే చిన్న విషయం కాదు. రేపు "అ" అనే గీతల బొమ్మ ఒక శబ్దానికి గుర్తు అని ఒప్పుకోవాలన్నా కావలసింది ఆ శక్తే.

ఇక నిలువు గీతలు. మీరు గమనించారో లేదో, బట్టల క్లిప్పు నొక్కాలంటే బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు బలంగా పనిచేయాలి. పెన్సిల్ పట్టేవీ ఆ మూడే. నలభై నిమిషాలు వాడు ప్రాక్టీస్ చేశాడు, మీ స్కూలు చెప్పినట్టు కాదు, అంతే తేడా. ముందు భుజం, మోచెయ్యి, తర్వాత మణికట్టు, చివరికి వేళ్ళు అదుపులోకి వస్తాయి. మూడు వేళ్ళ పట్టు చాలామందికి నాలుగు, ఐదేళ్ళ మధ్య గానీ కుదరదు.

అలాగని స్కూలు మాట కొట్టిపారేయకండి. గీత గీయలేకపోవడం వేరు, వర్క్‌షీట్ చుక్కల మీద గీయనని మొరాయించడం వేరు. ఈ రెండిట్లో ఏదో తెలుసుకోవడం సులువు. బాల్కనీలో నేలమీద సుద్దముక్కతో మీరు "వాన పడుతోంది, వాన పడుతోంది" అంటూ పైనుంచి కిందికి గీయండి. వాణ్ణి రమ్మనకండి. వాడే వచ్చి గీస్తే గీత వచ్చినట్టే. మూడేళ్ళ ప్రాంతంలో గుండ్రం, నాలుగేళ్ళకి ప్లస్ గుర్తు చూసి గీయడం మామూలు. కొన్ని నెలలు చూసినా ఇవేవీ రాకపోతే పిల్లల డాక్టర్‌కి చెప్పండి.

ఇంకో చిట్కా: క్రేయాన్లు విరిచి ఇవ్వండి. అంగుళం ముక్కని పిడికిట్లో పట్టుకోవడం కుదరదు, తప్పనిసరిగా వేళ్ళతోనే పట్టాలి. కాగితం గోడకి అంటించి నిలబడి గీయనిస్తే మణికట్టు కూడా సరైన ఒంపులో ఉంటుంది.


లెక్కలమాస్టారి_కొడుకు, ఆదివారం ఉదయం 10.30

అందరూ ఇలాగే అంటారు గానీ ఒకటో తరగతికి వచ్చేసరికి పక్కింటి పిల్లవాడు వాక్యాలు చదువుతుంటే మనవాడు కుక్కర్ రబ్బరు తిప్పుతుంటాడు. మాకు మా నాన్నగారు నాలుగేళ్ళకే పలకా బలపం ఇచ్చి కూర్చోబెట్టారు. పదహారో ఎక్కం దాకా ఐదేళ్ళకే వచ్చేది. ఏం, మేం చెడిపోయామా?

నేనొక మార్గం చెప్తాను, మా వాడి మీద పనిచేసింది. ప్రతి పేజీకి ఒక స్టార్. పది స్టార్లయితే చాక్లెట్. బొమ్మ గీసినా స్టార్, రాసినా స్టార్.


బసవనగుడి_మూడోతరం, ఆదివారం ఉదయం 10.52

మాస్టారి అబ్బాయి గారూ, సాయంత్రం బడి నుంచి వచ్చాక మీరు వీధిలో ఆడింది ఎంతసేపో కూడా రాయండి. ఆ మూడు గంటలు లెక్కలో కలపకుండా పలక గురించి ఒక్కటే చెప్తే ఎలా?


పాత_టీచరమ్మ, ఆదివారం ఉదయం 11.20

స్టార్ల గురించి ఒక మాట. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ నర్సరీ బడిలో ముగ్గురు మనస్తత్వ శాస్త్రవేత్తలు లెపర్, గ్రీన్, నిస్బెట్ ఒక పరీక్ష చేసి 1973లో అచ్చువేశారు. స్కెచ్ పెన్నులతో బొమ్మలు గీయడం ఇష్టపడే పిల్లలనే తీసుకున్నారు. కొందరికి "గీస్తే బంగారు స్టారున్న సర్టిఫికెట్ ఇస్తాం" అని ముందే చెప్పారు. కొందరికి చెప్పకుండా గీశాక ఇచ్చారు. ఇంకొందరికి ఏమీ లేదు. ఒకటి రెండు వారాలకి మళ్ళీ మామూలుగా పెన్నులు పెట్టి చూస్తే, ముందే బహుమతి మాట విన్నవాళ్ళు మిగతావాళ్ళలో సగం సేపే గీశారు. బహుమతి చెప్పేసరికి ఇష్టంగా చేసేది కాస్తా జీతానికి చేసే పనైపోయింది.

ఇష్టంలేని పనికి, పళ్ళు తోముకోవడానికో మందు మింగడానికో, స్టార్ ఇచ్చుకోండి. బొమ్మకి మాత్రం వద్దు.

పదహారో ఎక్కం ఐదేళ్ళకి వచ్చిందంటే గొప్పే. నేనూ అలాగే నేర్చుకున్నా. కాకపోతే 2020 జాతీయ విద్యావిధానం మూడేళ్ళ నుంచి ఎనిమిదేళ్ళ దాకా ఒకే దశగా పెట్టి, ఆట ద్వారానే నేర్పమంది. దానికోసం 2022లో ప్రత్యేకంగా పాఠ్యప్రణాళిక చట్రం వచ్చింది. మరుసటి ఏడు "జాదూయీ పిటారా" అని బొమ్మలు, తోలుబొమ్మలు, పజిళ్ళు, కార్డులు ఉన్న పెట్టెను కూడా కేంద్రం విడుదల చేసింది. అంటే మనం ఇక్కడ చెప్పుకుంటున్నది ఏదో రీల్స్ మోజు కాదు. పిటారా పెట్టె ఇంటికి రాకపోయినా పర్లేదు, మీ వంటింట్లో అలాంటివే ఉన్నాయి.


మదనపల్లె_అమ్మమ్మ, ఆదివారం మధ్యాహ్నం 2.10

నేను నోటితో చెప్తుంటే ఫోనే రాసుకుంటోంది, తప్పులుంటే సర్దుకోండి. మనవరాలిని చూసుకోవడానికి వచ్చి రెండేళ్ళయింది. బెల్లందూరులో పదకొండో అంతస్తు. మొదట్లో నాకే తోచేది కాదు, పిల్లకేం తోస్తుంది.

అమ్మా అనంతపురం, మా కాలంలో దీన్ని గుజ్జనగూళ్ళు అనేవాళ్ళం. లక్కపిడతల్లో అటుకులూ బెల్లమూ వేసి వంట చేసినట్టు చేసి, అందరికీ తలా చిటికెడు పెట్టేవాళ్ళం. ఇప్పుడు దాని పేరు కిచెన్ సెట్టు, దాన్లో ప్లాస్టిక్ పిజ్జా ముక్క ఉంటుంది. అది పిజ్జా తప్ప ఇంకోటి కాలేదు. మా పిల్లకి నేను రెండు చిన్న గిన్నెలు, ఒక గరిటె, పాత టీ జల్లెడ, గుప్పెడు అటుకులు ఇచ్చాను. అటుకులు ఒకరోజు అన్నం, ఇంకోరోజు అక్షింతలు, మొన్న మాత్రం డబ్బులు. నాకు మూడు అటుకులు అప్పిచ్చి సాయంత్రం వసూలు చేసింది.

దసరాకి పాత చీర కుర్చీల మీద కప్పి గుడి కట్టింది. దేవుడు కుక్కబొమ్మ. మా అల్లుడు "అదేంటి" అన్నాడు. నేను ఊరుకోమన్నా. గంట కొట్టి హారతిచ్చాం, ఏం పోయింది.

ఇంకోటి చెప్తా. దిష్టి తీసే ఎర్రనీళ్ళు ఉంటాయి కదా. పసుపు నీళ్ళలో సున్నం వేస్తే ఎర్రగా మారుతుంది. ఒకసారి దాని ఎదుటే కలిపాను. ఆ పిల్ల ముఖం చూడాలి! "మళ్ళీ, మళ్ళీ" అని తొమ్మిదిసార్లు. ఇక దాని లెక్కలో నేను పెద్ద మాంత్రికురాలిని.


సింగసంద్ర_సిస్టర్, ఆదివారం సాయంత్రం 4.45

అమ్మమ్మగారి పోస్టు చదివి కడుపు నిండింది. కానీ నేను పిల్లల వార్డులో నర్సుని, నా నోరు ఊరుకోదు. అమ్మమ్మగారూ, సున్నం మాత్రం పిల్లల చేతికి అందనివ్వకండి, కంట్లో పడితే చూపుకే ప్రమాదం. వంటసోడా వేసినా పసుపు ఎర్రబడుతుంది. తర్వాత నిమ్మరసం పిండితే మళ్ళీ పసుపురంగులోకి వచ్చేస్తుంది, అప్పుడు మీరు ఇంకా పెద్ద మాంత్రికురాలు అవుతారు. శంఖుపుష్పాలు వేడినీళ్ళలో వేస్తే నీలం రంగు దిగుతుంది, దాంట్లో నిమ్మరసం వేస్తే ఊదారంగు.

ఎలాగూ మొదలుపెట్టాను కాబట్టి మిగతావీ చెప్పేస్తా. ఇంట్లో ఉన్న వస్తువులతో ఆడనివ్వడం మంచిదే, కానీ ఏది ఇస్తున్నామో చూసి ఇవ్వాలి. మూడేళ్ళ లోపువాళ్ళ దగ్గర చింతగింజలు, శనగలు, పూసలు, గుండీలు వద్దు. మా సొంత కొడుకే ముక్కులో ముత్యం పూస దూర్చుకున్నాడు, నేను అదే వార్డులో డ్యూటీలో ఉండగా! నర్సు కొడుకని అందరూ వచ్చి చూసి వెళ్ళారు.

బటన్ సెల్, అంటే గుండీలా ఉండే చిన్న బ్యాటరీ, అన్నిటికంటే భయం. రిమోట్, పాట పాడే గ్రీటింగ్ కార్డు, లైటు వెలిగే బొమ్మ, దేంట్లోనైనా ఉంటుంది. మింగి అన్నవాహికలో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే లోపల కాలుతుంది. అనుమానం వచ్చినా సరే, వాంతి చేయించాలని చూడకుండా నేరుగా ఎమర్జెన్సీకి పరుగెత్తండి. అయస్కాంతం బిళ్ళల్లో ఒకటి పగిలితే సెట్టంతా పరిశీలించండి. రెండు అయస్కాంతాలు మింగితే పేగు గోడల్ని మధ్యలో పట్టేసుకుంటాయి. నీళ్ళలో వేస్తే ఉబ్బే జెల్లీ గోళీలు ఇంట్లోకే తేకండి, కడుపులోనూ అలాగే ఉబ్బుతాయి. బొమ్మ కొంటే ఐఎస్‌ఐ గుర్తు చూడండి, 2021 జనవరి నుంచి మన దేశంలో అది తప్పనిసరి.

ఇక భయపెట్టను. సాయంత్రం డ్యూటీకి టైమైంది.


నైట్‌షిఫ్ట్_అమ్మ, ఆదివారం రాత్రి 9.30

అన్నీ చదివాను. ఎవరినీ అనడం లేదు గానీ, కుండీలూ చీరలూ హారతులూ... నేను ఒక్కదాన్నే ఉంటాను, పాపకి నాలుగేళ్ళు. రాత్రి షిఫ్టు, పొద్దున పాపని స్కూల్లో దించి పడుకుంటాను. సాయంత్రం వంట చేస్తూ ఫోన్ ఇస్తాను. ఇస్తాను అని ఒప్పుకుంటున్నాను. ఇలాంటి చర్చలు చదివినప్పుడల్లా నా కూతురికి నేనేదో అన్యాయం చేసినట్టు అనిపిస్తుంది.


బసవనగుడి_మూడోతరం, ఆదివారం రాత్రి 9.41

అయ్యో, అలా అనుకోకండి. ఫోన్ ఇవ్వని ఇల్లు మా వీధిలో నాకైతే తెలీదు.


పాత_టీచరమ్మ, ఆదివారం రాత్రి 10.15

అమ్మా, మీకు ప్రత్యేకంగా ఇంకో గంట కావాలని ఎవరూ అనట్లేదు. వంట చేసే ఆ ముప్పావుగంటే తీసుకోండి. చపాతీపిండిలో నిమ్మకాయంత ముద్ద, చిన్న అప్పడాల కర్ర ఇచ్చి నేలమీద కూర్చోబెట్టండి. మీ పని మీరు చేసుకోండి. అది పాము చేస్తుంది, చెవిపోగులు చేస్తుంది. మధ్యలో దాని మాటకి మీరొక మాట. "పామా? ఎక్కడికెళ్తోంది?" అంతే. అది ఒక మాట అంటుంది, మీరొకటి అంటారు, మళ్ళీ అది. భాష అలా పెరుగుతుంది, బొమ్మ వల్ల కాదు.

"ఇదేంటి, ఏం గీశావు" అని మాత్రం అడక్కండి. చాలాసార్లు వాళ్ళకీ తెలీదు, మన కోసం అప్పటికప్పుడు ఏదో చెప్తారు. "ఇక్కడ ఎర్రగా గట్టిగా రుద్దావే" అనండి, మిగతాది అదే చెప్తుంది.

ఫోను గురించి: ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది రెండు నుంచి నాలుగేళ్ళ పిల్లలకి రోజుకి గంట దాటకూడదని, ఎంత తగ్గితే అంత మంచిదని. మన పిల్లల డాక్టర్ల సంఘం కూడా రెండేళ్ళ లోపు వీడియోకాల్ తప్ప వద్దంది, ఐదేళ్ళ లోపు గంట అంది. గంట అంటే సున్నా కాదు. ఆ గంటని అన్నం తినేటప్పుడు కాకుండా చూసుకోండి, చాలు.

రోజూ నిల్వ ఉండే ముద్ద కావాలంటే రెండు గ్లాసుల మైదా, గ్లాసు ఉప్పు, రెండు చెంచాల నూనె, వేడినీళ్ళు కొద్దికొద్దిగా పోసి కలపండి. బీట్‌రూట్ నీళ్ళతో ఒకటి, పసుపుతో ఒకటి. మూత గట్టిగా ఉన్న డబ్బాలో ఫ్రిజ్‌లో పెడితే వారం పైన ఉంటుంది. ఉప్పు బాగా ఎక్కువ కాబట్టి నోట్లో పెట్టే వయసు పిల్లలకి మామూలు చపాతీపిండే ఇవ్వండి.


ఇద్దరమ్మాయిల_నాన్న, ఆదివారం రాత్రి 10.40

నీళ్ళాట గురించి ఎవరూ ఎత్తలేదేంటి? మా చిన్నదానికి అన్నిటికంటే ఇష్టం అదే. కానీ ఈ బెంగళూరులో నీళ్ళతో ఆడిస్తుంటే ప్రాణం గిలగిల్లాడుతుంది. 2024 ఎండాకాలంలో తాగునీళ్ళతో కారు కడిగితే 5,000 రూపాయలు జరిమానా అన్నారు, గుర్తుందిగా. అప్పుడు నాకొక ఉపాయం తట్టింది. ఆర్వో ఫిల్టర్ వదిలేసే నీళ్ళు బకెట్లో పడతాయి కదా, వాటిలో సగం టబ్బులో పోసి గ్లాసులు, గరాటు, చిల్లుల గరిటె ఇస్తాను. ఏ గ్లాసులో ఎన్ని పడతాయి, ఏది తేలుతుంది, ఏది మునుగుతుంది, దాని గోల దానిది. ఆట అయ్యాక అవే నీళ్ళతో బాల్కనీ తుడుస్తాం. తుడవడం కూడా దానికి ఆటే. ఈ ఒక్క వయసులోనే కాబట్టి వాడుకుంటున్నా.

సిస్టర్ గారు చెప్పేలోపే చెప్తున్నా: పక్కనే కూర్చుంటాను. నాలుగు వేళ్ళ లోతు నీళ్ళున్నా ఒంటరిగా వదలను. అయిపోగానే బకెట్ బోర్లిస్తాను.

గోడల మీద గీతల గురించి కూడా టెన్షన్ పడకండి. ఈ ఊళ్ళో ఇల్లు ఖాళీ చేసేటప్పుడు గోడ తెల్లగా ఉన్నా సరే, పెయింటింగ్ అని అడ్వాన్సులో నెల అద్దె కోస్తారు. మనం ముందే కట్టేసినట్టు లెక్క. హాల్లో ఒక గోడ మా పిల్లలకి రాసిచ్చేశా.


లెక్కలమాస్టారి_కొడుకు, సోమవారం ఉదయం 8.05

ఈ ఒక్క పాయింటు మాత్రం వందశాతం ఒప్పుకుంటున్నా. మాకు రెండుసార్లు కోశారు.


కొత్తనాన్న_హూడి, సోమవారం రాత్రి 11.55

ఇది ఇక్కడ అడగొచ్చో లేదో తెలీదు. మా బాబుకి రెండేళ్ళ రెండు నెలలు. అమ్మ, బస్సు, మరో రెండు మూడు మాటలు తప్ప రావు. కార్లన్నీ ఒకే వరుసలో పెడతాడు, పడుకుని చక్రాలు తిప్పుతూ చూస్తాడు. మీరంతా చెప్పే ఉత్తుత్తి వంట, బొమ్మని జోకొట్టడం ఎప్పుడూ చూడలేదు. పిలిస్తే ఒకసారి తిరుగుతాడు, రెండుసార్లు తిరగడు. మా అమ్మ "మగపిల్లలు ఆలస్యంగానే మాట్లాడతారు, నువ్వూ మూడేళ్ళకి మాట్లాడావు" అంటుంది. ఇంట్లో తెలుగు, ఆయాతో కన్నడ, మేమిద్దరం పోట్లాడుకునేది ఇంగ్లిషులో, అందుకే వాడు గందరగోళపడుతున్నాడని మా ఆవిడ అంటోంది. తెలుగు ఆపేయాలా?


పాత_టీచరమ్మ, మంగళవారం ఉదయం 6.50

తెలుగు ఆపకండి. రెండు మూడు భాషలు వినడం వల్ల మాట ఆలస్యం కాదు. మీకు ఏ భాషలో నవ్వూ కోపమూ సహజంగా వస్తాయో దాంట్లోనే మాట్లాడండి.

కానీ ఎదురుచూడకండి కూడా. రెండేళ్ళు నిండాక "అమ్మ పాలు", "బస్సు పోయింది" లాంటి రెండు మాటలు కలిపిన జతలు రావాలి. కార్లు వరుసలో పెట్టడం ఒక్కటే అయితే నేను పట్టించుకోను, చాలామంది పెడతారు. మాట తక్కువ, పేరుకి తిరగకపోవడం, ఉత్తుత్తి ఆట లేకపోవడం మూడూ కలిశాయి కాబట్టి చెప్తున్నా. ఇది ఏమిటో నేను చెప్పలేను, ఇక్కడ ఎవరూ చెప్పకూడదు.

ముందు చెవులు పరీక్ష చేయించండి. సగం వినపడే పిల్లలు కూడా మనకి మామూలుగానే కనిపిస్తారు. పిల్లల డాక్టర్‌ని ఎదుగుదల స్క్రీనింగ్ చేయమని నోరు తెరిచి అడగండి. 16 నుంచి 30 నెలల పిల్లల్లో ఆటిజం సూచనలు ఉన్నాయేమో చూసే ఎంచాట్ (M-CHAT) అనే ప్రశ్నావళి ఉంది, మీ బాబు ఇంకా ఆ వయసులోనే ఉన్నాడు. మన ఊళ్ళో మానసిక, నరాల వైద్యానికి పెద్దాసుపత్రి నిమ్హాన్స్‌లో పిల్లల విభాగం ఉంది. మైసూరులో కేంద్ర ప్రభుత్వానిదే వాక్కు, వినికిడి సంస్థ 1965 నుంచి ఉంది. ఏమీ లేదని తేలితే మంచిదే, ఒక పూట సెలవు పోతుంది.


సింగసంద్ర_సిస్టర్, మంగళవారం ఉదయం 7.30

నాది కూడా ఇదే మాట. మీ అమ్మగారితో వాదించకండి, "వినికిడి పరీక్షకి తీసుకెళ్తున్నా" అనండి, ఒప్పుకుంటారు. మునుపు వచ్చిన మాటలు పోయాయా? పోయి ఉంటే డాక్టర్‌కి ఆ సంగతే ముందు చెప్పండి.


నర్సీపట్నం_నుంచి, బుధవారం సాయంత్రం 6.20

పెద్ద చర్చల మధ్యలో చిన్న ముచ్చట. మొన్న పిల్లల్ని తీసుకుని చెన్నపట్న వెళ్ళొచ్చాం, చెన్నై కాదు, కర్ణాటకలో చెక్కబొమ్మల ఊరు. మైసూరు దారిలో 60 కిలోమీటర్లు, రైల్లో పోతే ఇంకా హాయి. లేతుమీద కర్ర తిరుగుతుంటే లక్క కడ్డీ ఆనిస్తారు, ఆ రాపిడి వేడికే కరిగి రంగు పట్టేస్తుంది. మా వాడు నోరు తెరుచుకుని అరగంట నిలబడ్డాడు. ఆ కర్ర పేరు వాళ్ళు ఆలె మర అన్నారు. చూస్తే మా వరాహనది ఒడ్డున లక్కబొమ్మల ఊరు ఏటికొప్పాకలో వాడే అంకుడు కర్రే! ఇంత దూరం వచ్చి పక్కూరి చుట్టాన్ని చూసినట్టయింది.

బొంగరం, రంగు ఉంగరాల గోపురం, ఒక గిలక్కాయ కొన్నాం. మూడే. ఇద్దరమ్మాయిల నాన్నగారూ, మీ మాట విన్నాను.


బసవనగుడి_మూడోతరం, బుధవారం రాత్రి 8.10

ఇక్కడిదాకా వచ్చింది కాబట్టి చెప్తున్నా, మట్టి కావాలంటే పాటరీ టౌన్‌లో కుమ్మరుల దగ్గర దొరుకుతుంది, రంగురంగుల క్లే కొనక్కర్లేదు. మా ఇంట్లో దసరా బొమ్మల కొలువులో పై మెట్లు మా అత్తగారివి, కింద పార్కు మాత్రం పూర్తిగా పిల్లలది. పది రోజుల ముందు రాగులు చల్లితే పచ్చగా మొలుస్తాయి. పోయినేడు మా వాళ్ళు ఆ పార్కులో ట్రాఫిక్‌కి పేరుమోసిన మన సిల్క్ బోర్డ్ జంక్షన్ కట్టి, కార్లన్నీ ఇరికించి, మధ్యలో వినాయకుణ్ణి ట్రాఫిక్ పోలీసుగా నిలబెట్టారు. చూడవచ్చిన ముత్తయిదువులు దణ్ణం పెట్టాలో నవ్వాలో తెలీక నిలబడ్డారు.

మాకు కింది ఫ్లాటు వాళ్ళ గొడవ ఒకటుంది, చెక్క దిమ్మలు టైల్స్ మీద పడితే గ్రూపులో మెసేజ్ పెడతారు. పాత బొంత పరిచాక తగ్గింది. మెసేజ్‌లు, చప్పుడు కాదు.


కొత్తనాన్న_హూడి, ఆదివారం ఉదయం 9.00

వినికిడి పరీక్షకి గురువారం అపాయింట్‌మెంట్ దొరికింది. పిల్లల డాక్టర్ ప్రశ్నావళి చేశారు, తర్వాతి పరీక్షలకి రాసిచ్చారు. అమ్మ కూడా వస్తానంది. థాంక్స్ అండీ.


అనంతపురం_ఆడపడుచు, మూడు వారాల తర్వాత, శనివారం రాత్రి 10.30

అందరికీ విడివిడిగా జవాబు రాయలేకపోయాను, మన్నించండి. బొమ్మలు లాఫ్ట్ ఎక్కాయి. యాక్టివిటీ బాక్సు ఆపేశాం. మొదటి నాలుగు రోజులు నరకం, "ఏం తోచట్లేదు" అని నా కాళ్ళు పట్టుకుని వేలాడాడు. ఐదో రోజు ఫోన్ ఇచ్చేశాను కూడా, అబద్ధం ఎందుకు. సుద్దముక్కతో వాన గీశాను. వాడు రాలేదు. మా ఆయన వచ్చి గీశారు, చాలా బాగా గీశారు.

తర్వాత మా అపార్ట్‌మెంట్ గేటు దగ్గర సెక్యూరిటీ అంకుల్ రిజిస్టర్ రాయించుకోవడం ఎప్పుడు చూశాడో ఏమో, మా ఆయన పాత డైరీ, విరిగిన క్రేయాను పట్టుకుని వంటింటి గుమ్మంలో స్టూలు వేసుకుని కూర్చున్నాడు. కుక్కర్ రబ్బరు మెళ్ళో విజిల్. ఎవరు లోపలికెళ్ళాలన్నా "ఏ ఫ్లాటు? ఎవరు కావాలి? బండి నంబరు?" అని అడిగి డైరీలో ఒక గీత గీస్తాడు. నేను గంటలో పదిసార్లు వెళ్తే పదిసార్లూ రాశాడు. వారం నుంచీ ఇదే. నీళ్ళ క్యాను అబ్బాయినీ ఆపాడు, అతను ముచ్చటపడి నిజంగానే సంతకం పెట్టాడు. డైరీలో మార్చి నెల దాకా నిండిపోయింది.

స్కూలు అడిగినవి నిలువు గీతలు, ఇవన్నీ అడ్డగీతలే. టీచరమ్మగారూ, పర్లేదంటారా?


పాత_టీచరమ్మ, శనివారం రాత్రి 10.48

బండి నంబరు చెప్పినప్పుడు వాడు ఏం రాస్తున్నాడో ఒకసారి ఫోటో తీసి పెట్టండి, చూడాలని ఉంది.


మదనపల్లె_అమ్మమ్మ, ఆదివారం ఉదయం 6.05

బెల్లందూరు నుంచి మీ ఇల్లు దగ్గరే కదమ్మా. వచ్చే ఆదివారం మా పిల్లని తీసుకుని వస్తాం. నాకు బండి లేదు, గేట్లోనే ఆపేస్తాడేమో ముందే చెప్పి ఉంచు.